స్పెయిన్ ముస్లింల ఉద్యాన విజ్ఞానం: గులాబీ పొదల పెంపకం, కత్తిరింపు

ఇస్లామీయ నాగరికతా చరిత్రను వివరించే గ్రంథాలు ఖుర్తుబా మసీదును, బగ్దాదు గ్రంథాలయాలను, సమర్ఖందు వేధశాలను గురించి విపులంగా చెబుతాయి. తోటల ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం వాటి అందాన్ని నాలుగు వాక్యాలలో వర్ణించి ముందుకు సాగిపోతాయి. అయితే ఏ తోటా తనంతట తాను అందంగా ఉండదు. ఏ కొమ్మను ఉంచాలి, దేనిని తీసివేయాలి, ఏ నెలలో కత్తి పట్టాలి, ఏ నెలలో పొద జోలికి పోకుండా ఉండాలి అన్న వివేకం తోటమాలికి ఉన్నప్పుడే పొద నిండుగా పూస్తుంది. ఆ వివేకాన్ని నోటి మాటగా వదిలివేయక గ్రంథస్థం చేసినవారిలో 11, 12 శతాబ్దాల స్పెయిన్ ముస్లిం పండితులది ప్రముఖ స్థానం. అరబ్బులు ఆ దేశాన్ని అందలూస్ అని పిలిచేవారు.

వారి కృషిని ఒక్క గులాబీ పొద ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. గులాబీ చుట్టూ భక్తి, కల్పన, అనుభవం మూడూ పెనవేసుకొని ఉన్నాయి. వాటిని విడదీసి చూసినప్పుడే ఆ పండితుల గొప్పతనమూ, వారి పరిమితీ రెండూ స్పష్టమవుతాయి.

పేరులో పన్నీరు

తెలుగులో గులాబీ అన్నది పువ్వు పేరు. పారసీకంలో 'గుల్' అంటే పువ్వు, ముఖ్యంగా ఈ పువ్వే. 'ఆబ్' అంటే నీరు. 'గులాబ్' అంటే పన్నీరు. అంటే తెలుగు దేశంలో పువ్వుకు స్థిరపడిన పేరు నిజానికి దాని నుండి తీసిన నీటి పేరు.

అరబ్బీలో గులాబీని 'వర్ద్' అంటారు. దివ్య ఖుర్ఆన్‌లో అర్-రహ్మాన్ సూరా 37వ ఆయతులో ఆకాశం బ్రద్దలై ఎర్రబారే ప్రళయ దృశ్యాన్ని వర్ణిస్తూ ఈ మాట వచ్చింది. అదే సూరా 12వ ఆయతులో ధాన్యంతో పాటు 'రైహాన్', అనగా సుగంధ మొక్క, అల్లాహ్ అనుగ్రహాలలో ఒకటిగా పేర్కొనబడింది. తిండి గింజను, వాసన గల మొక్కను ఒకే చోట అనుగ్రహంగా స్మరించడం గమనించదగిన విషయం.

అబ్బాసీయుల కాలంలో ఇరాన్‌లోని ఫార్స్ ప్రాంతం, అందులోను జూర్ పట్టణం, పన్నీరుకు ప్రసిద్ధి చెందాయి. ఖలీఫా కోశాగారానికి ఫార్స్ చెల్లించవలసిన వార్షిక కప్పంలో 30,000 సీసాల పన్నీరు ఉన్నట్లు ఇబ్నె ఖల్దూన్ తన ముఖద్దిమాలో ఉటంకించిన పన్నుల పట్టికను బట్టి తెలుస్తున్నది. 9వ శతాబ్దపు తత్వవేత్త అల్-కిందీ సుగంధ ద్రవ్యాల తయారీ మీద, బట్టీ పట్టే విధానాల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించారు. 1187లో సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ బైతుల్ మఖ్దిస్‌ను తిరిగి స్వాధీనం చేసుకున్నప్పుడు ఆ పవిత్ర స్థలాన్ని పన్నీటితో కడిగించారు. ఇంత డిమాండు ఉన్న సరుకు కొద్దిపాటి పెరటి మొక్కలతో తయారు కాదు. దాని వెనుక ఎకరాల కొద్దీ పొదలు, వాటిని ఏటేటా కత్తిరించి సాకిన తోటమాలులు ఉన్నారు.

కల్పన నుండి విడదీసినవారు

గులాబీ పట్ల ముస్లిం సమాజాలకు ఉన్న మక్కువ కొన్ని కథలకు కూడా దారి తీసింది. ఈ పువ్వు మహనీయ ప్రవక్త (స) చెమట బిందువు నుండి పుట్టిందన్న కథనం అనేక దేశాలలో వ్యాపించింది. వినడానికి ఇంపుగా ఉన్నా, ప్రేమభావంతో చెప్పబడుతున్నా, ఇమామ్ నవవీ, ఇబ్నె హజర్ అస్ఖలానీ వంటి హదీసు పండితులు దీనిని ప్రామాణికంగా అంగీకరించలేదు. ప్రవక్త (స) పేరుతో చెప్పబడే మాట ఎంత మధురంగా ఉన్నదన్నది వారికి కొలబద్ద కాదు. అది ఎవరి నుండి ఎవరికి చేరింది, చెప్పినవారు నమ్మదగినవారా కాదా అన్నదే కొలబద్ద.

తోటపనికి సంబంధించి ప్రామాణికంగా నిలిచిన హదీసు మరొకటి ఉంది. ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తింటే అది నాటినవానికి సదఖా అవుతుందని బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోను ఉంది. వీటికి తోడు సహీహ్ ముస్లింలోని ఖర్జూర చెట్ల ఉదంతం జ్ఞాపకం చేసుకోవలసి ఉంది. మదీనా రైతులు మగ చెట్టు పూత తెచ్చి ఆడ చెట్టు పూతకు తగిలిస్తుండగా ప్రవక్త (స) చూసి, అలా చేయకపోయినా ఫరవాలేదేమో అన్న అభిప్రాయం వెలిబుచ్చారు. వారు ఆ పని మానివేశారు. ఆ ఏడు కాపు తగ్గింది. విషయం విన్నవించగా, ధర్మ విషయంలో తన ఆదేశాన్ని పాటించాలనీ, ఇటువంటి ప్రాపంచిక విషయాలలో వారికే ఎక్కువ తెలుసుననీ ఆయన వివరించారు.

ఈ ఉదంతం చెట్టు దగ్గర నిలబడిన రైతు అనుభవానికి గౌరవ స్థానం ఇచ్చింది. కొమ్మను ఎప్పుడు కత్తిరించాలో ధర్మశాస్త్ర గ్రంథంలో వెదకవలసిన పని లేదు. చేసి చూడాలి, చూసినది నిజాయితీగా చెప్పాలి. అందలూస్ ఉద్యాన పండితులు ఈ దారినే నడిచారు.

తులైతలా నుండి ఇష్బీలియాకు

నేడు టోలెడోగా పిలువబడుతున్న తులైతలాను 11వ శతాబ్దంలో పాలించిన అల్-మామూన్ (1043-1075) తాజో నది ఒడ్డున పెద్ద తోట వేయించాడు. ఆ నగరంలో ఇద్దరు ప్రముఖులు ఉద్యాన విద్యను పెంపొందించారు. ఒకరు వైద్యుడు ఇబ్నె వాఫిద్. రెండవవారు ఇబ్నె బస్సాల్. ఇబ్నె బస్సాల్ హజ్ యాత్ర చేసి, సిసిలీ, ఈజిప్టుల వ్యవసాయాన్ని కూడా కళ్ళారా చూసి వచ్చారు. ఆయన రచన సంక్షిప్త రూపంలో 16 అధ్యాయాలుగా లభిస్తున్నది. దానిలో విశేషమేమంటే, పూర్వ గ్రంథకర్తలను ఆయన ఉటంకించరు. నేల, నీరు, ఎరువు, కొమ్మ, అంటు - ఏది చెప్పినా తన చేతితో చేసినవాని గొంతుతోనే చెబుతారు.

1085లో తులైతలా ఆరవ అల్ఫోన్సో రాజు వశమైంది. ఇబ్నె బస్సాల్ తోటను వదలుకొని దక్షిణాన ఇష్బీలియా, అంటే నేటి సెవిల్, చేరుకొని అల్-ముతమిద్ ఆస్థానంలో మళ్ళీ పని ప్రారంభించారు. 1091లో ఆ రాజ్యం కూడా కూలిపోయింది. అల్-ముతమిద్ మొరాకోలోని అగ్మాత్‌లో బందీగా జీవితం చాలించాడు. రాజులు మారినా ఆ విద్య మాత్రం ఇష్బీలియాలో వేరూనింది.

12వ శతాబ్దం చివరి భాగంలో ఆ నగరానికే చెందిన అబూ జకరియ్యా యహ్యా ఇబ్నుల్ అవ్వామ్ ఈ విజ్ఞానమంతటినీ ఒకచోట చేర్చి 'కితాబుల్ ఫిలాహా' అనే బృహద్గ్రంథం రచించారు. ఆధునిక పరిశోధకుల లెక్క ప్రకారం అందులో 585 మొక్కల ప్రస్తావన ఉంది. నేలల రకాలు, ఎరువులు, నీటి పారుదల, అంటు కట్టడం, కొమ్మలు కత్తిరించడం వీటికి ప్రత్యేక అధ్యాయాలు ఉన్నాయి. గ్రీకు, రోమన్ రచయితల మాటలు, ఇరాక్‌లో ఇబ్నె వహ్షియా 10వ శతాబ్దం ఆరంభంలో అరబ్బీలోకి తెచ్చిన 'నబతీ వ్యవసాయం' లోని మాటలు, తనకు ముందున్న అందలూస్ పండితుల మాటలు ఆయన పేరు పేరునా ఉటంకించారు. సొంత అభిప్రాయాలను మాత్రం పదే పదే ప్రయోగించి చూసిన తరువాతనే చేర్చినట్లు పీఠికలో స్పష్టం చేశారు. ఆయన ప్రయోగాలు ఇష్బీలియా పడమట గల అష్-షరఫ్ గుట్టల ప్రాంతంలో జరిగాయి.

వసంతం చివరి పూలు

తోటపనికి హిజ్రీ నెలలు సరిపడవు. చాంద్రమాన సంవత్సరం సౌర సంవత్సరం కన్న దాదాపు 11 రోజులు తక్కువ. రంజాన్ మాసం సుమారు 33 ఏళ్ళలో అన్ని ఋతువులను చుట్టి వస్తుంది. అందుచేత అందలూస్ ముస్లింలు నమాజు, ఉపవాసం, హజ్‌లకు హిజ్రీ మాసాలను పాటిస్తూనే, సేద్యానికి స్థానికంగా వాడుకలో ఉన్న సౌర మాసాలను స్వీకరించారు. 961వ సంవత్సరానికి ఖుర్తుబాలో తయారైన పంచాంగం ఖలీఫా రెండవ హకమ్‌కు అంకితం చేయబడింది. దానితో ముడిపడిన రెండు పేర్లలో ఒకటి ముస్లిం పండితుడు అరీబ్ బిన్ సఅద్‌ది, రెండవది క్రైస్తవ బిషప్ రబీ బిన్ జైద్‌ది. పన్నీరు, గులాబీ షర్బతు, గులాబీ నూనె తయారు చేయడం ఆ పంచాంగంలో ఏప్రిల్ నెల పనులలో చేరి ఉంది.

దక్షిణ స్పెయిన్‌లో ఏప్రిల్, మే నెలలే తోటకు నిండు వయసు. నర్గీస్, బనఫ్షా అప్పటికే పూచి వెళ్ళిపోతాయి. గులాబీ, తెల్లని సోసన్, ఖైరీ వాటి స్థానంలోకి వస్తాయి. దానిమ్మ ఎర్రని పూత తొడుగుతుంది. ఖత్మీ కాడలు ఎత్తుగా లేస్తాయి. యాస్మీన్ వేసవి ద్వారం దగ్గర నిలబడుతుంది. కాలువల ఒడ్డున గన్నేరు మొగ్గ వేస్తుంది.

అల్మీరియాకు చెందిన ఇబ్నె లుయూన్ 1348లో వ్యవసాయం మీద ఒక పద్య గ్రంథం పూర్తి చేశారు. తోటలో ఇల్లు ఎత్తైన చోట ఉండాలనీ, దాని దగ్గర బావి గాని కొలను గాని, నీడన సాగే కాలువ గాని ఏర్పరచాలనీ, ఆ పక్కన ఎల్లప్పుడూ పచ్చగా ఉండే మొక్కలు, కొంత దూరాన రకరకాల పూలు వేయాలనీ అందులో సూచించారు. గర్నాతాలోని జన్నతుల్ ఆరిఫ్ తోటలో 1958లో అగ్నిప్రమాదం జరిగిన తరువాత తవ్వి చూడగా, పూర్వపు పూల మడులు నడిచే బాట కన్న దాదాపు అర మీటరు లోతున ఉన్నట్లు బయటపడింది. బాట మీద నడిచేవారికి పూలు కాళ్ళ దగ్గర తివాచీ పరచినట్లు కనిపించాలంటే పొదలను ఎత్తు పెరగనీయకుండా ఉంచాలి. అటువంటి అమరికకు క్రమం తప్పని కత్తిరింపు అవసరం.

కత్తి ఎప్పుడు పట్టాలి?

పూల పొదలను కత్తిరించడంలో మౌలిక సూత్రం ఒకటే. ఆ పొద పాత కొమ్మ మీద పూస్తుందా, కొత్త చిగురు మీద పూస్తుందా అన్నది మొదట తెలుసుకోవాలి. వసంతంలో ఒక్కసారే విరగబూసే పాత రకాల గులాబీలు నిరుటి కొమ్మల మీద పూస్తాయి. వాటిని శీతాకాలం చివర నేలమట్టంగా కోసివేస్తే ఆ ఏటి పూత అంతా కత్తితో పాటే పోతుంది. పూత ముగిసిన వెంటనే, అనగా వసంతం చివర, కత్తిరిస్తే మరుసటి ఏటికి కావలసిన కొమ్మలను పెంచుకోవడానికి పొదకు వేసవి, శరత్తు మిగులుతాయి. కొత్త చిగురు మీద పూసే రకాలకు శీతాకాలపు కత్తిరింపే మేలు. ఏ రకానికైనా ఎండిన పుల్లలు, ముదిరి పూత తగ్గిన కొమ్మలు, ఒకదానినొకటి రాసుకొనే రెమ్మలు తీసివేయాలి. గాలి, వెలుతురు పొద నడుమకు చేరాలి.

ఈ విషయంలో ప్రాచీనుల అనుభవం కూడా అందలూస్ పండితుల ముందు ఉంది. గులాబీ పొద ఐదేళ్ళు బాగా పూస్తుందనీ, ఆ తరువాత కాల్చి కురచ చేస్తే తప్ప సారం తగ్గుతుందనీ క్రీస్తు పూర్వం గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ వ్రాశాడు. కోత, కాల్పు రెండూ గులాబీకి మేలు చేస్తాయని రోమన్ రచయిత ప్లినీ చెప్పాడు. కాల్చడమన్నది కఠినంగా వినిపించినా దాని వెనుక హేతువు ఉంది. నేల పైన ఉన్న ముదురు కలప, దానిలో దాగిన పురుగు పుట్ర నశిస్తాయి. బ్రతికి ఉన్న వేరు బలమైన కొత్త కొమ్మలను పైకి పంపుతుంది.

అందలూస్ గ్రంథాలలో మరొక ఉపాయం కనిపిస్తుంది. నడి వేసవిలో గులాబీ మడికి నీరు ఆపివేసి పొదను ఎండగట్టాలి. వేసవి చివర మళ్ళీ సమృద్ధిగా నీరు పెట్టాలి. అప్పుడు పొద కొత్తగా చిగిర్చి శరత్కాలంలో రెండవసారి పూస్తుంది. దీనిలో మంత్రం ఏమీ లేదు. నీరు అందని పొద పెరుగుదల ఆపి నిద్రావస్థలోకి వెళుతుంది. నీరు అందగానే దాచుకొన్న శక్తితో ఒక్కుమ్మడిగా చిగురిస్తుంది. అయితే ఏడాదికి ఒక్కసారే పూసే స్వభావం గల గులాబీ ఇలా చేసినా రెండవసారి పూయదు. కనుక మళ్ళీ పూసే గుణం గల రకాలు వారి తోటలలో ఉండేవని భావించవచ్చు. డమాస్కస్ పేరుతో ప్రసిద్ధమైన సువాసన గులాబీలలో శరత్తులో కూడా పూసే రకం ఒకటి ఉంది. 2000లో జపాన్ పరిశోధకులు జన్యు పరీక్ష ద్వారా ఆ జాతి మూడు వేర్వేరు గులాబీల కలయిక అనీ, వాటిలో ఒకటి మధ్య ఆసియాకు చెందినదనీ నిర్ధారించారు.

పండితుల పరిమితి

ఇబ్నుల్ అవ్వామ్ గ్రంథంలోని ప్రతి మాటా అనుభవంతో నిగ్గు తేలినదని చెప్పడం న్యాయం కాదు. పూర్వుల నుండి స్వీకరించిన వాటిలో వింతలు కూడా చేరాయి. వేరు బెరడు కింద నీలిమందు పెడితే పొద నీలి గులాబీలు పూస్తుందన్న ప్రస్తావన అటువంటిది. బెరడు కింద పెట్టిన రంగు పువ్వు స్వభావాన్ని మార్చలేదు. గులాబీ జాతిలో నీలి రంగు పదార్థాన్ని తయారు చేసే గుణమే లేదు. జపాన్ సంస్థ సన్‌టోరీ వేరొక మొక్క జన్యువును చేర్చి, ఊదా ఛాయ గల గులాబీని 2009లో విక్రయానికి తెచ్చేవరకు ఆ కోరిక కోరికగానే మిగిలింది.

అయితే తాము విన్నదానిని ఎవరి మాటగా విన్నారో చెప్పి ఉటంకించడం వలన ఆ గ్రంథకర్తలు తరువాతి తరాలకు ఒక మేలు చేశారు. పాఠకుడు ఏది ఎవరి మాటో గుర్తించి, పరీక్షించి, నిలిచినదానిని ఉంచుకొని, నిలవనిదానిని తీసివేయగలడు. హదీసు పండితులు ఉల్లేఖకుల పరంపరను భద్రపరచిన పద్ధతికీ దీనికీ ఉన్న పోలిక యాదృచ్ఛికమైనది కాదేమో. ఒకే విద్యా వాతావరణంలో పెరిగినవారు మాటను స్వీకరించే తీరులో ఒకే క్రమశిక్షణను అలవరచుకోవడం సహజం.

గ్రంథం పొందిన రెండవ జన్మ

1492లో గర్నాతా పతనమైంది. కొద్ది సంవత్సరాలకే కార్డినల్ సిస్నెరోస్ ఆజ్ఞతో ఆ నగరంలో అరబ్బీ గ్రంథాలు తగులబెట్టబడ్డాయి. వైద్య గ్రంథాలకు మాత్రం మినహాయింపు లభించింది. 1609 నుండి 1614 వరకు మొరిస్కోలు, అనగా బలవంతంగా క్రైస్తవులుగా మార్చబడిన ముస్లింల వారసులు, దాదాపు 3 లక్షల మంది దేశం నుండి వెళ్ళగొట్టబడ్డారు. వారిలో అధిక సంఖ్యాకులు కాలువల కింద సేద్యం చేసే రైతులు, తోటమాలులు. పుస్తకం పోతే మరొక ప్రతి దొరకవచ్చు. కొమ్మ ఎక్కడ కోయాలో తెలిసిన చేతులు ఓడలెక్కి వెళ్ళిపోతే ఆ లోటు తీర్చడం కష్టం.

ఇబ్నుల్ అవ్వామ్ గ్రంథం ఎస్కొరియల్ మఠ గ్రంథాలయంలో మిగిలింది. 1671లో అక్కడ సంభవించిన అగ్నిప్రమాదంలో వేలాది అరబ్బీ ప్రతులు నశించగా ఇది దక్కింది. 18వ శతాబ్దంలో స్పెయిన్ ప్రభుత్వం క్షీణించిన వ్యవసాయాన్ని బాగు చేయదలచినప్పుడు, ఒకనాడు వెళ్ళగొట్టినవారి పుస్తకమే గుర్తుకు వచ్చింది. క్రైస్తవ మతాచార్యుడు బాంకెరీ దానిని స్పానిష్ అనువాదంతో సహా 1802లో మాడ్రిడ్‌లో ప్రకటించాడు. 1864-67 మధ్య క్లెమాన్-ముల్లే ఫ్రెంచి అనువాదం వెలువడింది. తరువాత ఉర్దూలోకి కూడా వచ్చింది. ఇబ్నె బస్సాల్ గ్రంథం 1955లో మొరాకోలోని తెతువాన్‌లో అచ్చయింది. ద్వేషం కాల్చివేసినదానిలో మిగిలినదానిని అనువాదకుల ఓర్పు బ్రతికించింది. బాంకెరీ, క్లెమాన్-ముల్లే ముస్లింలు కాకపోవడం కూడా ఆలోచించవలసిన విషయమే.

దక్కను నేలపై

నీరు ఆపి పూత తెప్పించే విద్య దక్కను రైతులకు కొత్త కాదు. దానిమ్మ, బత్తాయి తోటలలో కొంత కాలం నీరు కట్టివేసి, మళ్ళీ పెట్టి, కోరిన ఋతువులో పూత రప్పించడాన్ని 'బహార్' పట్టడమంటారు. అంబె బహార్, మృగ్ బహార్, హస్త బహార్ అని కాలాన్ని బట్టి పేర్లు. 'బహార్' పారసీక పదం. దానికి వసంతమని అర్థం. మృగశిర, హస్త కార్తెల పేర్లకు ఆ మాట జతపడడం ఈ నేల ప్రత్యేకత. తెలుగు జిల్లాలలో మల్లెతోటలకు కూడా శీతాకాలంలో నీరు ఆపి, కొమ్మలు కత్తిరించి, మళ్ళీ నీరు పెడతారు. వేసవి నాటికి తోట మొగ్గలతో నిండుతుంది. ఈ పద్ధతి అందలూస్ నుండి ఇక్కడికి వచ్చిందనడానికి ఆధారం లేదు, అనవలసిన అవసరమూ లేదు. వేర్వేరు దేశాల రైతులు ఒకే సత్యాన్ని తమ తమ చెట్ల దగ్గర కనుగొన్నారు. ప్రాపంచిక విషయాలు అనుభవజ్ఞులకే ఎక్కువ తెలుసునన్న ప్రవక్త (స) వాక్కు నిజం చేసేది ఇటువంటి ఏకీభావమే.

పూర్వుల ఘనతను తలచుకొని గర్వించడం సులభం. వారు చేసినట్లు చేసి చూడడం, తప్పిన చోట తప్పిందని చెప్పడం, నిలిచినదానిని తరువాతి తరానికి అందించడం శ్రమతో కూడిన పని. ఇబ్నె బస్సాల్ తులైతలాలో ఒక తోటను పోగొట్టుకొని ఇష్బీలియాలో మరొక తోట ప్రారంభించారు. వారసత్వమంటే పోయిన తోటను గురించిన విలాపం కాదనీ, చేతిలో మిగిలిన విద్యతో మళ్ళీ నాటడమనీ ఆయన జీవితం తెలుపుతున్నది. ప్రళయ ఘడియ వచ్చిపడినా చేతిలో మొక్క ఉంటే నాటమని బోధించిన ప్రవక్త (స) అనుచరులకు ఇంతకన్న సహజమైన మార్గం వేరొకటి లేదు.